వడ్రంగం నేర్చుకో అన్న పంతులు: మాల్కం ఎక్స్ ఆత్మకథ మనం ఎందుకు చదవాలి

ఆశ్రమ పాఠశాలలో నేను తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో ఒక సారు మా అందరినీ వరసగా నిలబెట్టి, పెద్దయ్యాక ఏమవుతారని అడిగారు. లెక్కల సారునవుతానని చెప్పాను. అప్పటికి లెక్కల్లో క్లాసు ఫస్టు నేనే. సారు నవ్వారు. "ఎందుకురా ఆ తిప్పలు? ఫారెస్టు గార్డు పోస్టులు పడితే చూసుకో. అడవి సంగతి మీకన్నా ఎవరికి తెలుసు?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నాకు బాధేమీ కలగలేదు. అడవి మాకు తెలుసని ఒక పెద్దమనిషి ఒప్పుకున్నందుకు లోపల కాస్త సంతోషమే వేసింది. ఆయన చెడ్డవాడూ కాదు. నాకు చలిజ్వరం వస్తే తన సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లిన మనిషి.

ఆ మాటలో ఏముందో తెలియడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. తెలిసేలా చేసింది ఒక పుస్తకం. 1925లో అమెరికాలో పుట్టి, 1965లో ముప్పై తొమ్మిదేళ్ల వయసులో తుపాకి గుళ్లకు బలైన మాల్కం ఎక్స్ ఆత్మకథ అది. ఆయన చెబుతుంటే అలెక్స్ హేలీ రాశాడు. మాల్కం చనిపోయిన కొన్ని నెలలకు, అదే ఏడాది అచ్చయింది. హేలీ మనకు కొత్తవాడు కాదు. సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' చదివినవాళ్లందరికీ ఆయన తెలుసు. ఆ నవలలోని కుంటా కింటే కొరడా దెబ్బలు తిన్న తీరు చదివి మన హాస్టళ్లలో ఎంతమంది కళ్లు తుడుచుకున్నారో నాకు తెలుసు. అయితే అది పూర్వీకుల కథ. మాల్కం పుస్తకం బడికి వెళ్లిన తరం కథ. అందుకే మన యువకులు, పంతుళ్లు దాన్ని ఇంకా దగ్గరగా చదవాలని నేననుకుంటున్నాను.

మాల్కం బడి ముచ్చట ఇది. మిషిగన్ రాష్ట్రంలో తెల్లపిల్లల బడిలో చదువుతున్నాడు. చదువులో ముందున్నాడు. తోటి పిల్లలే ఆయన్ని క్లాసు అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఒక రోజు ఇంగ్లీషు పంతులు ఏమవుతావని అడిగితే లాయరునవుతానని చెప్పాడు. నల్లవాడికి అది కుదిరే పని కాదని, తన స్థితి తాను తెలుసుకోవాలని, చేతిపని బాగా వచ్చు కాబట్టి వడ్రంగం నేర్చుకుంటే మంచిదని పంతులు సలహా ఇచ్చాడు. మాల్కంకన్నా చదువులో వెనకబడిన తెల్లపిల్లలు ఏది కోరుకున్నా అదే పంతులు ప్రోత్సహించాడు.

ఈ ఘట్టంలో నన్ను పట్టుకున్నది వివక్ష ఒక్కటే కాదు. ఆ పంతులుకు మాల్కం అంటే ఇష్టం. ఆయన తిట్టలేదు, కొట్టలేదు, మేలు కోరే చెప్పాడు. మాల్కం కూడా అక్కడికక్కడ ఎదురు చెప్పలేదు. ఆ తర్వాత మాత్రం తెల్లవాళ్ల మధ్య మునుపటిలా మసలలేకపోయాడు. బయటివాళ్లకు కారణం అంతుపట్టలేదు. అన్యాయం అంటే కర్ర పట్టుకుని వచ్చేదేనని మనం అనుకుంటాం. అది ప్రేమగా భుజం మీద చెయ్యి వేసి కూడా వస్తుందని ఈ పేజీలు చూపిస్తాయి. అది చదివిన రాత్రి నాకు మా సారు మాట గుర్తొచ్చింది. నవ్విన క్లాసు గుర్తొచ్చింది. వాళ్లతో కలిసి నవ్విన నేనూ గుర్తొచ్చాను.

అనుభవం, దానికి దొరికిన అర్థం

ఈ పుస్తకం మీద సాధారణంగా ఒక మాట చెబుతారు: కష్టాలు పడ్డాడు, కోపం తెచ్చుకున్నాడు, చివరికి మారాడు అని. అలా చదివితే పుస్తకం చిన్నదైపోతుంది. అనుభవం మనిషికి దానంతటదే అభిప్రాయాన్ని ఇవ్వదని, ఆ అనుభవానికి ఒక అర్థం దొరకాలని, దొరికిన మొదటి అర్థం పూర్తి నిజం కాకపోవచ్చని ఈ పుస్తకం చెబుతోందని నేననుకుంటాను.

క్రమం చూడండి. మాల్కం ఆరేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు, 1931లో, తండ్రి ట్రాము కింద పడి చనిపోయాడు. నల్లవాళ్లు తలెత్తుకోవాలని ప్రచారం చేసిన మనిషి ఆయన. తెల్ల దుండగులే చంపి పట్టాల మీద పడేశారని ఆ ఇల్లు నమ్మింది. తల్లి ఒంటరిగా పిల్లల్ని సాకింది. సంక్షేమ శాఖ మనుషులు వచ్చి పోతూ, పిల్లల్ని విడదీసి తలా ఒక ఇంట్లో పెట్టారు. తల్లి మతి చెదిరి పిచ్చాసుపత్రికి చేరింది, ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉండిపోయింది. అంతా సంక్షేమం పేరుతోనే జరిగింది. ఐటీడీఏ ఆఫీసు వరండాలో ఒక కాగితం కోసం పొద్దంతా కూర్చున్న తల్లుల పిల్లలు ఈ భాగం చదివితే వాళ్లకు వివరించి చెప్పాల్సిన పని ఉండదు.

బడి వదిలి బోస్టన్, హార్లెం వీధుల్లో పడ్డాడు. జూదం, మత్తుమందులు, దొంగతనాలు. 1946లో జైలుకు వెళ్లాడు. తనకు పడిన శిక్ష మామూలుగా మొదటి తప్పుకు పడేదానికన్నా చాలా ఎక్కువని, తన ముఠాలో తెల్ల ఆడవాళ్లు ఉండడమే కారణమని ఆయన చెబుతాడు. చేసిన దొంగతనాన్ని మాత్రం దాచడు. ఇది ఈ ఆత్మకథకున్న బలం. తన మీద జరిగిన అన్యాయం చెప్పేటప్పుడు తన తప్పును చాప కిందికి నెట్టలేదు.

ఇంత అనుభవం ఉన్నా జైలుకు వెళ్లేనాటికి ఆయనకు జాతి గురించి ఒక ఆలోచన అంటూ లేదు. జుట్టు తెల్లవాళ్ల జుట్టులా కనపడాలని మంటపుట్టే మందు రాసుకున్న రోజుల గురించి ఆయనే సిగ్గుపడుతూ చెబుతాడు. గాయం ఉంది, దానికి పేరు లేదు. ఆ పేరు జైలులో దొరికింది. తెల్లవాడు సైతాను అని బోధించే నేషన్ ఆఫ్ ఇస్లాం సంస్థ గురించి తమ్ముడు వచ్చి చెప్పాడు. అది విన్నాక మాల్కం తన జీవితంలో ఎదురైన తెల్లవాళ్లందరినీ ఒక్కొక్కరిగా మనసులో నిలబెట్టి చూసుకున్నాడు. సంక్షేమ శాఖ మనుషులు, ఇంగ్లీషు పంతులు, పోలీసులు, జడ్జి. ఒక్కరూ తప్పించుకోలేదు. బోధన నిజమేననిపించింది.

విమర్శకుడిగా నేను ఇక్కడ ఆగుతాను. ఆ సిద్ధాంతం తప్పు. ఒక జాతి మొత్తం పుట్టుకతో చెడ్డది కాదు. కానీ ఆ సిద్ధాంతానికి సాక్ష్యం చెప్పినవన్నీ నిజమైన అనుభవాలు. ఈ రెండు సంగతుల్నీ ఒకేసారి పట్టుకోగలగాలి. "ద్వేషం నూరిపోశారు" అని తేల్చేసేవాళ్లు సాక్ష్యాన్ని వదిలేస్తున్నారు. "ఆయన పడ్డాడు కాబట్టి ఆయన చెప్పిందంతా నిజం" అనేవాళ్లు సిద్ధాంతాన్ని పరీక్షించడం మానేస్తున్నారు. మన సభల్లో ఈ రెండు రకాల మాటలూ వింటున్నాను.

నిఘంటువు, మక్కా

అదే జైలులో జరిగిన రెండో సంగతి పంతుళ్లకు మరీ ముఖ్యం. ఉత్తరం రాద్దామంటే మాల్కంకు మాటలు చాల్లేదు. నిఘంటువు తెప్పించుకుని మొదటి పేజీ నుంచి మొత్తం రాతపుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. చేతిరాత బాగుపడింది, మాటలు పెరిగాయి, పుస్తకాలు అర్థం కావడం మొదలైంది. రాత్రి దీపాలార్పాక వసారా నుంచి పడే వెలుగులో చదివాడు. కాపలావాడి అడుగుల చప్పుడు వినపడితే పడుకున్నట్టు నటించి, వాడు వెళ్లగానే మళ్లీ లేచాడు. బానిసత్వ చరిత్ర, వలస పాలనల చరిత్ర చదివాడు. తన ఇంట్లో జరిగింది ఒక్క తన ఇంట్లోనే జరగలేదని అప్పుడు తెలిసింది. ఒక బిడ్డ తన బతుకును చరిత్రలో చూసుకోవడానికి అక్షరం ఎలా దారి తీస్తుందో ఇంత వివరంగా చెప్పిన పుస్తకం నేను ఇంకొకటి చదవలేదు.

1952లో బయటికొచ్చి ఆ సంస్థకు గొంతయ్యాడు. తన అసలు ఆఫ్రికా ఇంటిపేరు తెలియదు కాబట్టి తెలియని దానికి గుర్తుగా 'ఎక్స్' పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో జరిగిన ఒక చిన్న సంగతి ఉంది. ఒక తెల్ల కాలేజీ అమ్మాయి ఆయన ఉపన్యాసం విని కలత చెంది, వెతుక్కుంటూ వచ్చి, నేనేం చేయగలనని అడిగింది. ఏమీ చేయలేవని ఆయన కొట్టినట్టు చెప్పాడు. ఆమె ఏడుస్తూ వెళ్లిపోయింది. ఆ జవాబు ఆయన్ని చివరిదాకా బాధించింది. ఆ అమ్మాయి మళ్లీ కనపడితే ఏం చెప్పేవాడో పుస్తకం చివర్లో చెప్పాడు: మంచి మనసున్న తెల్లవాళ్లు నల్లవాళ్ల దగ్గరికొచ్చి నిరూపించుకోనక్కర్లేదు, తమ సొంత వాడల్లో, తమవాళ్లలో ఉన్న జాతి దురభిమానంతో పోరాడాలి అని. మన గూడేలకొచ్చి ఫోటోలు దిగి వెళ్లే మంచి మనుషులకు చెప్పదగిన మాట ఇదే.

ఆ మార్పు ఎక్కడ జరిగిందో తెలిసిందే. 1964 మార్చిలో సంస్థ నుంచి బయటికొచ్చాడు. ఏప్రిల్‌లో హజ్ యాత్రకు వెళ్లాడు. అక్కడ తెల్లని ఒళ్లు, నీలి కళ్లు ఉన్న మనుషులతో ఒకే పళ్లెంలో తిన్నాడు, పక్కపక్కనే పడుకున్నాడు. వాళ్లు తనని సోదరుడిగానే చూశారు. అన్నాళ్లూ నమ్మినదానికి ఇది అడ్డొచ్చింది. ఆయన అనుభవాన్ని తోసేయలేదు, నమ్మకాన్నే సరిచేసుకున్నాడు. పన్నెండేళ్లు వేల మంది ముందు చెప్పిన మాట తప్పని ఆ వేల మంది ముందే ఒప్పుకోవడం ఎంత కష్టమో, నాయకుల్ని దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. మక్కా నుంచి తిరిగొచ్చి మాల్కం మెత్తబడ్డాడని, అందరూ ఒకటేనన్నాడని చెప్పి పుస్తకం మూసేస్తారు. పుస్తకంలో అది లేదు. అమెరికా మీద ఆయన మోపిన అభియోగంలో ఒక్క అక్షరం తగ్గలేదు. మారింది కారణం. చెడు మనిషి చర్మంలో లేదని, మనుషుల్ని అలా తయారుచేసే సమాజంలో ఉందని గ్రహించాడు. కేసు గుర్తింపు కోసం ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లాలనుకున్నాడు. కోపం తగ్గడం కాదిది, కోపానికి సరైన చిరునామా దొరకడం.

దిద్దని పేజీలు

రచనాపరంగా ఈ పుస్తకంలో గొప్ప సంగతి ఒకటుంది. చివర హేలీ రాసిన అనుబంధంలో అది తెలుస్తుంది. గురువు ఎలైజా మహమ్మద్‌తో తెగిపోయాక, ఆయన్ని ఆకాశానికెత్తిన పాత అధ్యాయాల్ని తిరగరాయాలని మాల్కం అనుకున్నాడు. ముందే రాబోయేది తెలిసిపోతే కథ పట్టు పోతుందని హేలీ వారించాడు. మాల్కం మొదట చిరాకుపడ్డా, తర్వాత అలాగే ఉండనిమ్మన్నాడు. అందువల్ల పాఠకుడు ఆయన నమ్మిన రోజున ఆయనతో కలిసి నమ్ముతాడు, కూలిన రోజున కలిసి కూలుతాడు. తర్వాతి తెలివితో పాత రోజుల్ని దిద్దేసుంటే ఇది ఉపన్యాసమయ్యేది. మనలో ఆత్మకథలు రాసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అప్పుడు ఏమనుకున్నామో, ఎందుకు నవ్వామో, ఎవరికి దండం పెట్టామో అలాగే రాయాలి.

హేలీ చెయ్యి ఎంతుందన్న ప్రశ్న కూడా ఉంది. మొదట్లో మాల్కం తన గురించి ఏమీ చెప్పలేదు, సంస్థ గురించే మాట్లాడాడు. ఒక రాత్రి మీ అమ్మ గురించి ఏమన్నా చెబుతారా అని హేలీ అడిగాడు. ఆ ప్రశ్నతో తెల్లవారేదాకా మాట్లాడాడు. మంచి ప్రశ్న ఎంత పని చేస్తుందో, మన ముసలివాళ్ల మాటలు రికార్డు చేస్తున్న పిల్లలు దీన్నుంచి నేర్చుకోవచ్చు. అయితే హేలీ రాజకీయాలు వేరు, నల్లవాళ్లు అమెరికా సమాజంలో కలిసిపోవాలన్నది ఆయన అభిప్రాయం. పుస్తకం మీద ఆ నీడ పడిందని 2011లో వచ్చిన మాల్కం జీవితచరిత్రలో మానింగ్ మారబుల్ వాదించాడు. మన కథ మనమే చెప్పినా, కలం ఇంకొకరి చేతిలో ఉంటే ఎంతో కొంత వంపు తిరుగుతుంది.

ఈ పుస్తకంలో నేను ఒప్పుకోలేనిది ఒకటుంది. ఆడవాళ్ల గురించి మాల్కం మాటలు చాలా చోట్ల చిన్నచూపుతో ఉంటాయి. ఆయన హజ్ యాత్రకు డబ్బిచ్చింది అక్క ఎల్లా. తను వెళ్దామని దాచుకున్న సొమ్ము అది. తండ్రి పోయాక ఇల్లు మోసింది తల్లి. జైలులో ఉత్తరాలు రాసి నిలబెట్టినవాళ్లలో అక్కచెల్లెళ్లున్నారు. ఇంత అనుభవమూ ఆడదాని మీద ఆయన అభిప్రాయాన్ని చాలినంత మార్చలేదు. జాతి విషయంలో కళ్లు తెరిపించిన బతుకే ఇక్కడ తెరిపించలేకపోయింది. బాధపడ్డవాడికి అన్ని బాధలూ అర్థమవుతాయన్నది నిజం కాదు.

వేరే కిటికీ నుంచి

ఇదే కాలంలో, 1960లో, హార్పర్ లీ నవల 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' వచ్చింది. చేయని నేరానికి శిక్షపడిన టామ్ రాబిన్సన్ అనే నల్లవాడి కథ. కథ చెప్పేది తెల్ల లాయరు కూతురు స్కౌట్. మంచి నవలే. కానీ టామ్ ఇంటికి ఎప్పుడు వెళ్లినా గడప దాకానే వెళతాం. టామ్ సొంతంగా మాట్లాడింది దాదాపుగా బోనులో నిలబడినప్పుడే. మనం ప్రేమించేది లాయరు అటికస్‌ను. 2015లో అచ్చయిన 'గో సెట్ ఎ వాచ్‌మన్'లో, పెద్దదైన స్కౌట్‌కు అదే తండ్రి నల్లవాళ్ల హక్కుల్ని వ్యతిరేకించే సభలో కనపడతాడు. చిన్నప్పటి కళ్లకు దేవుడు, పెద్దయ్యాక మామూలు తెల్లవాడు. ఏ కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నామన్నదే చూసేదాన్ని నిర్ణయిస్తుందనడానికి ఈ రెండు పుస్తకాలే రుజువు.

మన సంగతీ ఇంతే. 1940లో భీం దాదా చనిపోయాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. ఆయన మార్లవాయిలో ఉండి గోండు పంతుళ్లకు శిక్షణ కేంద్రం పెట్టించాడు, మన రాజ్‌గోండుల గురించి పుస్తకం రాశాడు. ఆయనా, ఆయన భార్యా మన మట్టిలోనే ఉన్నారు. అల్లం రాజయ్య, సాహు కలిసి 'కొమురం భీం' నవల రాశారు. ఇవి మనం మరువకూడని పనులు. అయినా ఇవి బయటి కిటికీ నుంచి ప్రేమతో చూసిన చూపులు. అటువైపు పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన చట్టం 1871లో వచ్చింది, 1911 నుంచి మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. ఎరుకల వాళ్లను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. 1952లో చట్టం పోయింది, అనుమానం పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు తమ తలుపే తడతారన్నది ఎరుకల ఇళ్లకు పాత కథ కాదు. దాన్ని లోపలి నుంచి చెప్పే పుస్తకాలు ఇంకా చాలా రావాలి.

అయితే మనం కూడా ఒక కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లమే. నేను గోండును. మన చరిత్రను కిక్రీ మీద పాడి కాపాడింది ప్రధాన్లు, తోటివాళ్లు. వాళ్లను మన వాకిట్లో ఎక్కడ కూర్చోబెడుతున్నాం? ఈ ప్రశ్న వేసుకోకుండా మైదానం వాళ్లను ప్రశ్నించే హక్కు మనకు సగమే ఉంటుంది.

చివరగా ఒక ఒప్పుకోలు. ఇప్పుడు నేను పంతుల్ని, లెక్కలే చెబుతాను. నిరుడు పదో తరగతిలో ఒక కొలాం పిల్ల జడ్జినవుతానంది. "ముందు అంగన్‌వాడీ టీచరు పోస్టులు పడతాయేమో చూడమ్మా, ఇంటికి దగ్గర" అన్నాను. మేలు కోరే అన్నాను. పిల్ల తలూపి కూర్చుంది. ఆ సాయంత్రం సైకిలు మీద నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లిన సారు గుర్తొచ్చారు. నేను ఆయన గొంతుతోనే మాట్లాడాను. మాల్కం పుస్తకం అప్పటికి రెండుసార్లు చదివి ఉన్నాను.

మర్నాడు ఆ పిల్లను పిలిచి, నిన్న తప్పుగా చెప్పానన్నాను. ఇంటర్ తర్వాత లాసెట్ రాస్తే ఐదేళ్ల న్యాయశాస్త్రం కోర్సు ఉంటుందని కనుక్కుని కాగితం మీద రాసిచ్చాను. ఆమె కాగితాన్ని మడిచి లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. చదువుతుందో లేదో నేను చెప్పలేను. పంతుళ్లు చేయాల్సింది ఆ కాగితం ఇవ్వడం. యువకులు చేయాల్సింది, తమకు ఎవరు ఏ కాగితం ఇచ్చారో, ఏది ఇవ్వలేదో రాయడం.